చెల్లెలి బందరు

నరసరావుపేట బస్టాండులో పొద్దున ఐదున్నరకి బెజవాడ బస్సెక్కి కూర్చున్నాక కూడా, దిగిపోదామా అని రెండుసార్లు అనిపించింది. ఒళ్ళో చిన్న సంచి. అందులో నీళ్ళసీసా, తువ్వాలు, రెండు అరటిపళ్ళు. చెల్లెలి ఇంటికి పోయే మనిషి సంచి అలా ఉండదు. మామూలుగా అయితే కారం డబ్బా, చింతకాయ తొక్కు, గోంగూర పచ్చడి, ఆ పైన ఆమెకి కుట్టిన జాకెట్లు, అన్నీ కలిపి కాళ్ళ దగ్గర రెండు సంచులు ఉండాలి. ఈసారి ఏమీ సర్దలేదు. పట్టుకెళ్ళి ఇస్తే తీసుకోకపోతే ఏం చెయ్యాలని భయం. ఖాళీ చేతులతో పోతే, ఊరు చూద్దామని వచ్చి అటుగా తొంగిచూశాను అని చెప్పుకోవచ్చు. పేట నుంచి బందరుకి అటుగా ఎవరు పోతారే అని అడిగితే మాత్రం దొరికిపోతాను.

నా చెల్లెలు బందర్లో ఉంటుంది. నాకంటే ఐదేళ్ళు చిన్న. మా ఇద్దరికీ ఏడాదిన్నరగా మాటల్లేవు. మాట కలుపుకుందామనే నేను బయల్దేరింది. వస్తున్నట్టు ఆమెకి చెప్పలేదు. హైదరాబాదులో ఉన్న నా కూతురికీ చెప్పలేదు. ఎదురింటి అత్తతో మాత్రం, "గుంటూరు పోతన్నా అత్తా, లైనింగు గుడ్డ తేవాలి" అని అబద్ధమాడాను. ఆమె వెంటనే "అట్టయితే నాక్కూడా రెండు మీటర్లు తే, తెల్లది" అంది. ఆడిన అబద్ధానికి అప్పుడే కొలత కూడా పడింది.

నేను జాకెట్లు కుడతాను. మా వీధిలో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఎవరు ఎదురుపడినా ముందు మొహం కాదు, భుజం కుట్టు చూస్తాను. ఆ రోజు బస్సులో టిక్కెట్టు కొట్టే అమ్మాయి ఖాకీ చొక్కా చంకల దగ్గర పట్టేస్తోంది. చెయ్యి పైకెత్తి కమ్మీ పట్టుకున్నప్పుడల్లా పాపం ఇబ్బంది పడుతోంది. ఆధార్ కార్డు చూపించి "బందరు" అన్నాను. "ఇది బెజవాడ దాకానే పిన్నీ, అక్కడ మారాల" అని సున్నా ముద్రేసిన టిక్కెట్టు చింపి ఇచ్చింది. వెనక సీట్లో పెద్దాయనొకడు, "ఆడోళ్ళకి ఫ్రీ పెట్టినకాడి నుంచి ఇళ్ళల్లో ఒక్కరన్నా ఉంటన్నారా" అని గొణిగాడు. "మీరున్నారుగా బాబాయ్, ఇంటికి కాపలా" అన్నాను. బస్సంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. నోరు నాకు బాగానే ఉంది. అవసరమైన చోటే అది పనిచెయ్యదు.

ఫిరంగిపురం దాటుతుంటే తెల్లవారింది. కొండవీడు కొండల మీద మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్క చేలల్లో పత్తి తీసేవాళ్ళు అప్పుడే ఒడి కట్టుకుని దిగుతున్నారు. కిటికీకి తల ఆనించి, ఆ పెళ్ళి సంగతే మళ్ళీ మొదటినుంచీ తలుచుకున్నాను. ఏడాదిన్నరగా నేను చేస్తున్నది అదే. ఎక్కడో ఒకచోట నా తప్పు కొంచెమన్నా తగ్గుతుందేమోనని వెతుకుతాను.

మా ఆయన పోయినప్పుడు నా కూతురికి ఎనిమిదేళ్ళు. నేను కుట్టు నేర్చుకుని, మిషను కొనుక్కుని, నలుగురు నా దగ్గరికి గుడ్డ తెచ్చి ఇచ్చేదాకా రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ పిల్ల బందర్లో మా చెల్లెలి దగ్గరే పెరిగింది. చెల్లెలికి పిల్లల్లేరు. బడికి పంపింది, జడలేసింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది, ఎక్కాలు నేర్పింది. నేను పిల్లని వెనక్కి తీసుకొచ్చేరోజు బస్టాండు దాకా వచ్చి, దాని చెయ్యి నా చేతిలో పెడుతూ, "దీని పెళ్ళికి పీటల మీద నేనూ మా ఆయనా కూర్చుంటాం. ఇప్పుడే చెప్తన్నా" అంది. భర్త లేనిదాన్ని నేను ఎలాగూ కన్యాదానానికి కూర్చోకూడదు, దానికి ఒక జంట కావాలి. "నువ్వు కాక ఇంకెవరే" అన్నాను. నా మనసులో ఆ మాట ఎప్పుడూ మారలేదు.

పెళ్ళి కుదిరాక మా అత్తింటి వైపు పెద్దవాళ్ళు నలుగురు మా వసారాలో కూర్చుని మాట్లాడారు. "మన ఇంటిపేరు, మన గోత్రం. తమ్ముడు ఉండగా బయటోళ్ళు కూర్చోటమేంది? మీ మరిది, నీ తోడికోడలు కూర్చుంటారు" అన్నారు. బయటోళ్ళు అంటే నా చెల్లెలు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. "నేను మాటిచ్చా" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మెడ లోతు అరంగుళం తేడా వచ్చిందని తగువుకొచ్చిన వాళ్ళతో గంటసేపు వాదించే నోరు ఆ రోజు పడిపోయింది. పెళ్ళి పనులన్నీ మా మరిది నెత్తినేసుకున్నాడు, మంచివాడే, కాదంటే ఏమనుకుంటాడో అని భయం. చెల్లెలైతే అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను. మనవాళ్ళు అనుకున్నవాళ్ళకే ఎప్పుడూ అన్యాయం చేస్తాం.

అది ఒక తప్పు. రెండోది బొట్టు. మా వైపు శుభకార్యానికి ఇంటికెళ్ళి ఆడవాళ్ళకి బొట్టుపెట్టి పిలవాలి. ఫోనులో కార్డు పెట్టినా, ఎదురుపడి నోటితో చెప్పినా పిలుపు కింద లెక్క కాదు. "బొట్టుపెట్టి పిలవలేదు" అని మానేసిన పెళ్ళిళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మరి నేను బొట్టు పెట్టే మనిషిని కాను. పైగా చెల్లెలి అత్తగారు పాత పట్టింపులు గల మనిషి. ఆవిడ గుమ్మంలో కుంకంభరిణ పట్టుకుని నేను నిలబడితే, ఆ తర్వాత మాట పడాల్సింది చెల్లెలు. అందుకని మరిదిని, తోడికోడల్ని కారులో పంపాను. తోడికోడలు చెల్లెలికి బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టి, "పీటల మీద మేమే కూర్చుంటన్నాం, మీరు ముందు రోజే వచ్చెయ్యాల" అని నవ్వుతూ చెప్పి వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. నా నోటి నుంచి రావాల్సిన మాట, ఆమె నోటి నుంచి వచ్చింది.

చెల్లెలు పెళ్ళికి రాలేదు.

పెళ్ళైన వారం రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అప్పుడు నాకు రోషం వచ్చింది. కోళ్ళ పందెం దగ్గర మొదలైన తగువు కారంపూడిలో తలలు తెగేదాకా పోయిన పల్నాటి సీమ మాది, మాకు రోషాలకేం తక్కువ? దసరాకి తనే చేసింది. మిషను మీద ఫోను మోగుతుంటే, దాని మీద తన పేరు చూస్తూ, అది ఆగిపోయేదాకా కూర్చున్నాను. తను మళ్ళీ చెయ్యలేదు. ఆ ఫోను ఎత్తి ఉంటే నా సొమ్మేం పోయేదో ఇప్పటికీ తెలియదు. నా కూతురు మాత్రం ఇద్దరితోనూ మాట్లాడుతుంది. "అమ్మా, పిన్ని ఎట్టా ఉందో నన్నడగబాక, నువ్వే చేసి అడుగు" అని కసురుతుంది.

మరి ఆ రోజే ఎందుకు బయల్దేరానంటే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. శుభకార్యం లేదు, చావు లేదు. పనుండి పోతే పని కోసం వచ్చిందనుకుంటుంది. ముందు రోజు సాయంత్రం ఎవరో అక్కాచెల్లెళ్ళు ఒకే తానులో గుడ్డ తీసుకుని, ఒకే కొలతలకి కుట్టమని వచ్చి, నా గుమ్మంలో అరగంట కొట్లాడుకున్నారు. ఒకామెకి పొట్టి చేతులు కావాలి, రెండో ఆమెకి మోచేతుల దాకా. వాళ్ళు పోయాక నాకు అన్నం సయించలేదు. నాకు నా చెల్లెలు కావాలి. అంతే.

బెజవాడలో బస్సు మారాను. ఊరు దాటాక బందరు కాలువ రోడ్డు పక్కనే నడిచింది. మా దగ్గర బోరు వేసి నీళ్ళు పడితే కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ నీళ్ళు రోడ్డు వెంబడే పోతున్నా ఎవరూ తల తిప్పి చూడరు. పెళ్ళైన కొత్తలో చెల్లెలు ఉత్తరం రాసింది, "అక్కా, ఇక్కడ బిందె మోసే పని లేదు, కానీ నీళ్ళు చప్పగా ఉన్నాయి, కారం కూడా చప్పగా ఉంది, మనుషులు మెత్తగా మాట్లాడతారు, తిడుతున్నారో పొగుడుతున్నారో తెలియటం లేదు" అని. ఆ ఉత్తరం చదివి మా అమ్మ నవ్వలేక ఏడ్చింది. వరికోతలు సగం అయ్యాయి. కోసిన మడుల్లో కొంగలు దిగి ఉన్నాయి.

బందర్లో దిగేసరికి పదిన్నర దాటింది. బస్టాండు నుంచి చెల్లెలి ఇల్లు ఆటోకి పది నిమిషాలు. కళ్ళు మూసుకుని పోగలను. ఆటో ఎక్కాను కూడా. "ఎక్కడికండీ?" అని అడిగాడు. నోట్లోంచి "కోట" అని వచ్చింది.

పాతికేళ్ళుగా బందరు వస్తున్నా, నేను కోట చూడలేదు. బస్టాండు, చెల్లెలి ఇల్లు, మళ్ళీ బస్టాండు, నాకు తెలిసిన బందరు అంతే. ఆటో నడిపేది నడివయసు మనిషి, నేను ఊరు చూడ్డానికి వచ్చానని తెలిసి మహా ఉత్సాహపడ్డాడు. దారి పొడుగునా ఇది ఇంగ్లీషుపాలెం, అది ఫ్రెంచిపేట, వలందులుండేది వలందపాలెం అని చెప్పుకొచ్చాడు. వలందులంటే డచ్చివాళ్ళట. "ఏ దేశపోడొచ్చినా ముందు మా బందర్లోనే దిగాడండి" అన్నాడు, ఆ ఓడలకి తనే ఆటో తోలినట్టు. కోట అంటే మా కొండవీడులా కొండమీద ఉంటుందనుకున్నాను. ఇది నేలమీదే ఉంది. పైకప్పు లేని గదులు, పొడవాటి ఇటుక గోడలు, గోడల్లో మొలిచిన రావిమొక్కలు. ఎప్పుడో ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం ఊళ్ళోకి వచ్చి వేలమందిని తీసుకుపోయిందని చెప్పాడు. నేను గోడ నీడన నిలబడి, ఒక అరటిపండు తిన్నాను. ఆకలికి కాదు, చేతులు ఊరికే ఉండలేక.

"వలందుల సమాధులు కూడా చూస్తారా అండీ?" అన్నాడు. చూస్తానన్నాను. చెల్లెలి ఇల్లు తప్ప ఏదైనా చూస్తాను.

ఊరి మధ్యలో చిన్న ప్రహరీ, లోపల నల్లరాతి పలకలు. వాటి మీద మనకి తెలియని అక్షరాలు చాలా అందంగా చెక్కి ఉన్నాయి. కొన్నిటి మీద గద్దలు, చెట్లు, కిరీటాలు. ఒక పలక మిగతా వాటికంటే చిన్నది. పసిబిడ్డదై ఉంటుందనిపించింది, అడగటానికి అక్కడ ఎవరూ లేరు. "ఎందుకొచ్చారంట వీళ్ళు ఇంత దూరం?" అని ఆటో అతన్నడిగాను. "గుడ్డల కోసమండీ. మా అద్దకం గుడ్డల కోసం" అన్నాడు. అది నాకు అర్థమయ్యే సంగతి. మంచి తాను కంటపడితే నేనూ గుంటూరు దాకా పోయొచ్చిన రోజులున్నాయి. కానీ జాకెట్టు గుడ్డ కోసం సముద్రాలు దాటొచ్చి ఈ మట్టిలో కలిసినవాళ్ళ మధ్య నిలబడితే, పది నిమిషాల దూరంలో ఉన్న చెల్లెలి ఇంటికి పోలేక ఎండలో తిరుగుతున్న నామీద నాకే కోపం వచ్చింది. అయినా ఆటో ఎక్కాక "మంగినపూడి బీచికి పోనియ్" అనే అన్నాను.

సముద్రం మాత్రం నాకు తెలుసు. ఒక్కసారి చూశాను. పిల్ల చెల్లెలి దగ్గర ఉన్నప్పుడు, ఒక ఆదివారం ముగ్గురం వచ్చాం. అక్కడి ఒడ్డు ఇసుక కంటే బురద ఎక్కువ, చాలా దూరం నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటవు. పిల్లకి భయం. చెల్లెలు చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, అంత పిల్లనీ చంకనెత్తుకుని, "అదుగో అల, ఇదుగో అల" అంటూ లోపలికి నడిచింది. నేను ఒడ్డున నిలబడి చెప్పులకి కాపలా కాశాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు, నాకు నీళ్ళలో దిగాలని లేదు. దూరం నుంచి వాళ్ళిద్దరి వీపులూ చూస్తుంటే, పిల్ల నాది కాదేమో, చెల్లెలిదేనేమో అనిపించింది. అప్పుడు అసూయ కలిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వసారాలో పెద్దవాళ్ళ ముందు నా నోరు పెగలకపోవడం వెనక ఆ అసూయ ముక్క కూడా కాస్త ఉందేమోనని ఆ రోజు ఒడ్డున నిలబడ్డప్పుడు అనుమానం వచ్చింది. ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కార్తీకమాసం అయిపోయింది కాబట్టి జనం లేరు. దీపాలు పెట్టి వదిలిన అరటిదొప్పలు ఒడ్డున ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళలోకి నాలుగడుగులు వేశాను. కాలివేళ్ళ మధ్యకి బురద వచ్చింది. నా పక్కన ఉండాల్సిన ఇద్దరూ లేరు. ఒకతి హైదరాబాదులో, రెండోది ఇక్కడే, ఇదే ఊళ్ళో, ఈపాటికి అన్నం తిని గిన్నెలు కడుక్కుంటూ ఉంటుంది. ఇక ఉండలేకపోయాను. కాళ్ళు కూడా సరిగా కడుక్కోకుండా వచ్చి ఆటోలో కూర్చుని, చిలకలపూడిలో సందు పేరు చెప్పాను. "చుట్టాలున్నారాండీ?" అన్నాడు. "మా చెల్లెలు" అన్నాను. "మరి ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపు ఎండలో తిప్పానుగా మిమ్మల్ని" అని నొచ్చుకున్నాడు.

గేటు తీసే ఉంది. చెల్లెలు వాకిట్లో తీగ మీద ఆరిన బట్టలు తీస్తోంది. నన్ను చూసి, చేతిలో తువ్వాలు భుజానేసుకుని, "ఏంటి, ఇలా వచ్చావు?" అంది.

"ఊరు చూద్దామని వచ్చా" అన్నాను.

"చూశావా?"

"చూశా."

"లోపలికి రా" అని తనే ముందు నడిచింది.

వెనక నుంచి చూశాను. భుజాల దగ్గర ఎముకలు తేలాయి, మనిషి చిక్కిపోయింది. అంతకంటే ముందు నా కంట పడింది జాకెట్టు. నేను కుట్టింది కాదు. పద్దెనిమిదేళ్ళలో నా చెల్లెలి ఒంటి మీద ఇంకొకరి కుట్టు నేను చూడలేదు. వీపు వెనక హుక్కుల పట్టీ వంకరగా పడింది, చేతుల అంచులు మడిచి కుట్టకుండా వదిలేశారు. ఎవరో ఏదో కుట్టిచ్చారు, ఈమె వేసుకుంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగింది అప్పుడే. కోటా సమాధులూ సముద్రమూ చెయ్యలేని పని ఆ వంకర కుట్టు చేసింది.

లోపల నాకు మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చింది, చుట్టాలకిచ్చినట్టు. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో నీళ్ళు నేనే ముంచుకుని తాగాను. ఆ పళ్ళెం చూశాక ఇంక ఏ మాటా మొదలుపెట్టలేకపోయాను. అన్నం పెట్టింది. చేపల పులుసు, వంకాయ కూర. నాకు కారం చాలదని తెలుసు కాబట్టి, అడక్కుండానే పచ్చిమిరపకాయ తెచ్చి కంచం పక్కన పెట్టింది. మళ్ళీ వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె భర్త నగలకి మెరుగుపెట్టే కార్ఖానాకి పనికెళ్ళాడు, ఇంట్లో లేడు. ఎండ, బస్సులు, పిల్ల ఉద్యోగం, ఇవే మాట్లాడుకున్నాం. పెళ్ళి మాట ఎవరమూ ఎత్తలేదు.

ఎత్తింది వాళ్ళ అత్తగారు. ఎనభై దాటిన మనిషి, మంచం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కుశలమేమీ అడగలేదు. "నువ్వెందుకు రాలేదమ్మా పిలవటానికి? పిల్లని కన్నదానివి నువ్వు గదా" అంది.

"నేను బొట్టు పెట్టకూడదు గదండీ అత్తయ్యగారూ. మీకు పట్టింపని..."

"నాకా!" అని తన నుదురు చూపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ నుదుటి మీద బొట్టు లేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. "నా కూతురి పెళ్ళికి నేనూ వెనకాలే నిలబడ్డాను. అది ఎలా ఉంటుందో నాకు తెలియదా? నువ్వొచ్చి పిలుస్తావని ఇది మూడు రోజులు వాకిలి కడిగింది" అంది.

చెల్లెలు "అత్తయ్యా, మీరు పడుకోండి" అని ఆవిణ్ణి లేపి లోపలికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ముసలావిడ గురించి పాతికేళ్ళుగా నా మనసులో అనుకున్నదంతా ఒక్క నిమిషంలో తప్పని తేలింది. సిగ్గుతో చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి, ఎండిపోయిన చేత్తో అలాగే కూర్చున్నాను.

నాలుగున్నర బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోతుంది. "పోయొస్తానే" అన్నాను. "బస్టాండు దాకా వస్తా" అంది. ఆటోలో వచ్చాం. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. తను కింద నిలబడి ఉంది. ఇంకో ఐదు నిమిషాల్లో బస్సు కదులుతుంది, నేను ఇంత దూరం వచ్చి, ఒక అన్నం తిని, ఏ మాటా అనకుండా పోతున్నాను. ఇప్పుడన్నా అనాలని నోరు తెరిచేసరికి, తను కిటికీ దగ్గర లేదు. తల తిప్పి చూస్తే బస్సులో నా పక్కనే నిలబడి ఉంది.

"జరుగు" అంది. "పామర్రు దాకా వచ్చి, ఎదురుబస్సులో వెనక్కొస్తా. టిక్కెట్టా ఏమన్నానా."

బస్సు కదిలింది. ఊరు దాటేదాకా ఇద్దరం ముందు సీటు వైపే చూస్తూ కూర్చున్నాం. వరి కోసిన వాసన కిటికీలోంచి వస్తోంది. నేనే మొదలుపెట్టాను. "పీటల మాట పెద్దోళ్ళు అన్నప్పుడు నేను కాదనలేదే. నీకిచ్చిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాదే తప్పు. వాళ్ళది కాదు, ఎవరిదీ కాదు."

"తెలుసు" అంది.

"తెలిసి ఏడాదిన్నర పలకలా నువ్వు."

"నువ్వు పలికావా?" అంది. దసరా ఫోను సంగతి. నేను తల దించుకున్నాను.

మళ్ళీ తనే అంది. ఈసారి బందరు మాట పోయి, మా ఊరి మాటే వచ్చింది. "అక్కా, ఒకటడుగుతా. నిజం చెప్పు. పీటల సంగతి కాదు, దాని మీద కోపం ఎప్పుడో పోయింది."

"అడుగు."

"పిల్ల నాకు పెళ్ళి వీడియో పంపింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తాళి కట్టేటప్పుడు అందరూ అక్షింతలు ఏస్తా ముందుకు తోసుకుంటన్నారు. నువ్వు వెనక స్తంభం దగ్గరున్నావు. అటు తిరిగున్నావు. అక్షింతలు నీ పిడికిట్లోనే ఉన్నయ్యి. ఆ కాడ ఆపి, మళ్ళీ మళ్ళీ చూశా." నా వైపు తిరిగింది. "ఎవరన్నా అన్నారా నిన్ను, ఆ టయానికి ఇటు చూడబాకమ్మా అని? నీ కన్నకూతురి పెళ్ళి చూడొద్దని అన్నారా? నేనక్కడుంటే అననిచ్చేదాన్నా. నేను రాకపోబట్టే గదా అన్నారని, అదే తిరుగుతా ఉంది అక్కా నాకు, ఏడాదిన్నర నుంచీ అదే."

తను నా మీద కోపంతో పలకలేదనుకున్నాను. పలకరించే మొహం లేక పలకలేదు.

"ఎవరూ ఏమీ అన్లేదే" అన్నాను.

"మరెందుకు అటు తిరిగున్నావు?"

"అటు గేటుంది" అన్నాను. "నువ్వొస్తావేమోనని చూస్తన్నా. భజంత్రీలు గట్టిగా వాయించేసరికి ఇటు తిరిగా. అప్పటికే తాళి కట్టటం అయిపోయింది."

చెల్లెలు ముందు సీటు కమ్మీ పట్టుకున్న నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పామర్రులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, బస్సు మళ్ళీ కదిలింది. తను నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.